ఏడేళ్ళ సంపెంగ

కిందటి వారం మనం చిలకమ్మను పెరట్లో సంపెంగ చెట్టు కింద, మెడ పైకెత్తి చూస్తూ ఉండగా వదిలి వచ్చాం. నాటిన ఏడేళ్ళకి ఆ చెట్టు మొదటిసారి మూడు మొగ్గలు వేసింది. రోహిణి కార్తె వడగాడ్పుకి రెండు రాలిపోయాయి. మిగిలిన ఒక్కదానికి ఎండ తగలకుండా ఆమె తడిగోనె కట్టింది. మూడు రోజులు పెరటి గుమ్మంలోనే కూర్చుని అన్నం తింది. ఆ చెట్టు తొలి పువ్వు సింహాద్రి అప్పన్న పాదాల దగ్గర పెట్టేదాకా తన తలలో పువ్వు పెట్టుకోనని ఆమె మొక్కు. మొక్కిన సంగతి వీధి వీధంతటికీ తెలుసు. ఎందుకు మొక్కిందో మాత్రం ఆమె మొగుడు అప్పలసూరికి కూడా తెలియదు. మొక్కు చెల్లించకముందే కోరిక పైకి చెప్పకూడదని పుట్టింట్లో నేర్చుకున్న మనిషి ఆమె.

శుక్రవారం సాయంత్రానికి మొగ్గ పసుపు తిరిగింది. "రేపు తెల్లారేసరికి ఇచ్చుకుంటాది బావా. నువ్వు డ్యూటీ దిగి రాగానే కొండకెల్దాం," అని చెప్పి అతన్ని రేవుకి పంపింది. అప్పలసూరి ఓడల్లో సరుకు దించే ఒక కంపెనీలో క్రేను డ్రైవరు. ఆ వారం అతనిది రాత్రి డ్యూటీ.

*

శనివారం తెల్లవారింది. కంచరపాలెంలో వాళ్ళ వీధి కుళాయికి రోజు విడిచి రోజు నీళ్ళు వస్తాయి. ఆవేళ రాని రోజు. ముందునాడు పట్టిన రెండు బిందెల్లో ఒకటి చిలకమ్మ తలస్నానానికి ఖర్చయింది. ఖర్చయిందని అనకూడదేమో. స్నానాల గది గోడకి కన్నం పెట్టి, ఆ నీళ్ళు నేరుగా మల్లె పాదుల్లోకి పోయేటట్టు కాలవ తీసింది అప్పలసూరే. బియ్యం కడిగిన నీళ్ళు కనకాంబరాలకి. గిన్నెలు తొలిచిన నీళ్ళు నందివర్ధనానికి. చేతులు కడిగిన నీళ్ళు మందారానికి. ఆ ఇంట్లో ఏ నీళ్ళు ఏ మొక్కవో ఇద్దరికీ కంఠతా వచ్చు.

నూట ఇరవై గజాల స్థలంలో రెండు గదుల పెంకుటిల్లు పోగా మిగిలిందంతా మొక్కలే. గుంటలు తవ్వడం, పందిళ్ళు కట్టడం అతని పని. నీళ్ళు పొయ్యడం, తుంచడం, పురుగులు ఏరడం ఆమె పని. పిల్లలు లేని ఇల్లు కావటంతో ఇద్దరి ముచ్చట్లూ, తగువులూ కూడా ఎక్కువగా ఆ మొక్కల చుట్టూనే తిరిగేవి. ఆ వేసవిలో ముచ్చట్లు తగ్గి తగువులు పెరిగాయి. మల్లెలు ఆఖరి కాపుకొచ్చి, సగం మొగ్గలు విచ్చకుండానే గోధుమరంగుకి తిరిగి రాలిపోతున్నాయి. మందారానికి తెల్ల పురుగు పట్టింది. ఏ ఆకు తుడిచినా రేవు వైపు గాలికి కొట్టుకొచ్చిన ఎర్ర దుమ్ము చేతికి అంటుకుంటోంది. తొలకరి అదిగో ఇదిగో అనిపించి, మబ్బు పట్టి, ఒక్క చుక్క కూడా రాల్చకుండా సముద్రం మీదికి పోతోంది.

ఇన్నిటి మధ్య ఆ ఒక్క మొగ్గ నిలిచింది.

చిలకమ్మ తడిజుట్టు కొస ముడి వేసుకుంది. ఇత్తడి పళ్ళెంలో తమలపాకు పరిచింది. దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుని, పైటకొంగు ముక్కు మీదుగా తిప్పి కట్టుకుంది. దేవుడి పువ్వు కోసేటప్పుడు ఊపిరి కూడా తగలకూడదని వాళ్ళ అమ్మ అలాగే కట్టుకునేది. మనిషి వాసన చూసిన పువ్వు ఎంగిలి అన్నంతో సమానం. దాన్ని దేవుడికి పెట్టరు.

పెరటి తలుపు తీసింది.

చెట్టు కింద ముక్కాలిపీట. పీట మీద అప్పలసూరి. ఎప్పుడొచ్చాడో, సైకిలు గోడకి ఆనించి, ఖాకీ చొక్కా అయినా విప్పలేదు. గోనె పక్కకి తోసి, కొమ్మ వంచి, విచ్చుకున్న సంపెంగలో ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. గుండెల నిండా గాలి పీలుస్తున్నాడు. ఒకసారి కాదు. వదిలి, మళ్ళీ పీల్చాడు.

"బావా!"

మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళికి ముందు నుంచీ అతను ఆమెకి బావే. కానీ ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ పిలుపు అంత గట్టిగా ఆమె నోట రాలేదు. అప్పలసూరి కొమ్మ వదిలేశాడు. పువ్వు ఊగి నిలిచింది.

"ఏటి సేత్తన్నావు?"

"ఏటీ నేదు. ఇచ్చిందో నేదో సూత్తన్నాను."

"సూడ్డానికి అప్పన్న కల్లిచ్చినాడు గదా. ముక్కుతో సూత్తారేటి?"

అతను పీట దిగాడు. చేతులు ఖాకీ లాగుకి తుడుచుకున్నాడు. తప్పు చేసి దొరికిపోయిన మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు. నవ్వబోయాడు. అది చూసి చిలకమ్మ కొంగు ముడి లాగిపారేసింది.

"నవ్వుతన్నావా? నవ్వు! ఏడేళ్ళు, బావా. కడుపులో బిడ్డని మోసినట్టు మోసినాను దీన్ని. మూడు మొగ్గలేత్తే రెండు ఎండ తీసుకున్నాది. మిగిలినది నువ్వు తీసుకున్నావు. నీకంటే ఆ ఎండ నయం. దానికి బుద్ధి నేదు."

"ఇంకా పూత్తాది. ఇది మొదలే గదా..."

"ఇంకోటి పూత్తే తొలి పువ్వవుతాదేటి? రెండోది రెండోదే, పదోది పదోదే!"

పక్కింటి గోడ మీదుగా ఒక తెల్లని తల పైకి లేచింది. సూర్యకాంతమ్మగారు పిల్లలకి చదువు చెప్పి రిటైరైన పంతులమ్మ. తండ్రి పౌరోహిత్యం చేసినవాడు కావటంతో వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆవిడనే అడుగుతారు.

"ఏమిటే చిలకమ్మా, పొద్దున్నే ఆ కేకలు? పువ్వు విచ్చిందా?"

"ఇచ్చింది పంతులమ్మగోరూ. నాను కోసీలోపల మా బావ వాసన సూసీసినాడు."

"అయ్యో!" అంది ఆవిడ. అంతకంటే ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటతో చిలకమ్మకి మిగిలిన ఆశ కూడా పోయింది. తులసికోట అరుగు మీద పళ్ళెం పెట్టి, పక్కన కూలబడింది.

"పేరంటానికెల్తే ఏటవుతాదో నీకు తెలీదు బావా," అంది, ఈసారి గొంతు తగ్గించి. "అందరికీ పువ్వులిత్తారు, తల్లో పెట్టుకుంటారు. నాను కొంగున కట్టుకుంటాను. తెలిసినోళ్ళు ఊరుకుంటారు. తెలీనోళ్ళు నా మెళ్ళో పుస్తెలున్నాయో నేదో ఒంగి సూత్తారు. ఇంటి నిండా మల్లెలు పెట్టుకుని బోడి జడతో తిరిగే ఆడది ఈ ఇసాపట్నంలో నానొక్కతినే ఉంటాను. ఈయేళతో అయిపోతాదనుకున్నాను. ఈయేళ కొండ దిగొచ్చినప్పుడు నువ్వే నా తల్లో ఓ మల్లెపువ్వు పెడతావనుకున్నాను."

అప్పలసూరికి రాత్రంతా నిద్ర లేదు. సిగ్గుతో పాటు చిరాకు కూడా వచ్చింది. తప్పు చేసినవాడికి చిరాకు రావటం న్యాయం కాదు. అయినా వస్తుంది.

"నాను పెట్టుకోవద్దన్నానేటి? మొక్కినది నువ్వు. ఎందుకు మొక్కినావంటే సెప్పవు. ఈ ఇంటి పట్టా కోసమని నాకు తెలుసు. పట్టా వచ్చీసింది, పెట్లో ఉన్నాది. ఒక్క పువ్వు కోసం అప్పన్న మనతో తగువాడతాడేటి? ఆయనకి సంపెంగలు తక్కువా? కొండ నిండా ఆయనయ్యే."

"పట్టా కోసమా!" చిలకమ్మ లేచి నిలబడింది. "పెంకుటింటి పట్టా కోసం ఏ ఆడదైనా పువ్వు మానేత్తాదేటి? పట్టాకైతే కొబ్బరికాయ కొడతాను. బావా, నీ కోసం మొక్కినాను. నీ పేనం కోసం."

అతను ఆమె వైపు చూశాడు.

"నీకు టైఫాయిడ్ తిరగబెట్టింది, గుర్తుందా? పెద్దాసుపత్రిలో పదిహేనో రోజున డాక్టరు నన్ను వరండాలోకి పిల్సి, మీ వోళ్ళకి కబురెట్టుకోమ్మా అన్నాడు. నాను కబురెట్టలేదు. ఆ వరండాలోనే నిలబడి కొండేపు తిరిగి దణ్ణం పెట్టినాను. మా బావనిచ్చెయ్యి తండ్రీ, నా సేత్తో సంపెంగ పెంచి తొలి పువ్వు నీకిత్తాను, అందాకా నాకు పువ్వొద్దు అన్నాను. తెల్లారి నీకు జొరం దిగింది. నువ్వు గంజి అడిగినావు." ఆమె పువ్వు వైపు చెయ్యి చాచింది. "అది పువ్వనుకున్నావా? అది నీ పేనానికి అప్పన్నకి నానియ్యాల్సినది. ఇప్పుడేటియ్యను? నువ్వు ముక్కెట్టినదియ్యనా?"

గోడ అవతల సూర్యకాంతమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కోరిక తీర్చాక పువ్వు మీద ఎవరిదో ఊపిరి పడిందని ఇచ్చిన ప్రాణం వెనక్కి తీసుకునే దేవుడిని ఆవిడ కూడా ఊహించుకోలేకపోయింది. అలాగని, అంత పట్టుదలగా ఏడేళ్ళు నిలబడ్డ ఆడదాని ముందు ఆ మాట అనటానికి ఆవిడకి నోరు రాలేదు.

అప్పలసూరి తులసికోట అరుగు మీద, ఆమె లేచిన చోట కూర్చున్నాడు.

"చిలకా. నాకు వాసన రానేదే."

"ఏటి?"

"ముక్కెట్టిన మాట నిజం. తెలిసే పెట్టినాను, మర్సిపోయి కాదు. కానీ వాసన రానేదు. ఏటీ రానేదు. కాయితప్పువ్వుకి ముక్కెట్టినట్టున్నాది."

చిలకమ్మకి మండిపోయింది. "సంపెంగకి వాసన రాకపోవడవేటి? ఈదిలోకొత్తంది! నాను తలుపు తీసినప్పుడే గుప్పుమన్నాది. అబద్ధమాడినా అతికినట్టాడు బావా."

"నీకొచ్చింది. నాకు రానేదు. ఇది ఈయేళ కాదు. నాకు ఏ వాసనా తెలీదు."

"ఒట్టు?"

"తులసమ్మ మీద సెయ్యేసి కూకున్నాను. సూడు."

ఆమె నమ్మలేదు. గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో ఏవో మూటగట్టి తెచ్చింది. తువ్వాలుతో అతని కళ్ళకి గంతలు కట్టింది.

"ఇదేటో సెప్పు," అని ముక్కు కింద పెట్టింది.

అది ఇంగువ. డబ్బా మూత తీస్తే నాలుగిళ్ళకి తెలిసే ఇంగువ. అప్పలసూరి పీల్చాడు. ఆలోచించాడు. వాసన చూసేవాళ్ళు ఆలోచించరు. ఆ సంగతి చిలకమ్మకి అప్పుడే కొంచెం తెలిసింది.

"పసుపా?"

"ఇది?"

ఈసారి లాంతరు తుడిచే గుడ్డ. కిరసనాయిలు ఇంకా ఆరలేదు. గోడ అవతల ఉన్న సూర్యకాంతమ్మగారు కూడా ఆ ఘాటుకి మొహం పక్కకి తిప్పుకుంది.

అప్పలసూరి ఇంకా ఎక్కువ ఆలోచించాడు. కొండకెళ్ళే రోజు. పొద్దున్నే దీపం పెట్టిన ఇల్లు. "కర్పూరం," అన్నాడు.

చిలకమ్మ చేతిలోంచి గుడ్డ జారిపోయింది. గంతలు తనే విప్పింది. అతను ఆమె మొహం చూసి, చెప్పినది తప్పని తెలుసుకున్నాడు.

"కర్పూరం కాదేటి?"

"ఎన్నాళ్ళయింది?"

"ఎప్పుడైతే ఏటిలే."

"ఎన్నాళ్ళయింది బావా?"

అతను సన్నజాజి పందిరి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు చాలు. చిలకమ్మకి మూడేళ్ళ కిందటి ఆదివారం కళ్ళముందుకొచ్చింది. జాజితీగ పందిరి దాటి కిందికి జారిపోతోంది, పైన వెదురు కట్టమని ఆమె పది రోజులుగా పోరు పెట్టింది. డబుల్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకుంటానన్నాడు. నువ్వెక్కకపోతే నానెక్కుతానని ఆమె నిచ్చెన వేసింది. చివరికి అతనే ఎక్కాడు. వెదురు కట్టాడు కూడా. దిగేటప్పుడు మెట్టు జారి వెల్లకిలా పడి, తల వెనక భాగం రాతి పలకకి కొట్టుకుంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఏమీ ఫర్వాలేదని పంపించారు.

"ఆ దెబ్బకేనా?"

"ఇంటికొచ్చిన రెండో రోజు నువ్వు చింతపండు పులుసెట్టినావు. ఉప్పు తెలుత్తంది, పులుపు తెలుత్తంది. పులుసు మాత్రం తెలీలేదు. మళ్ళా ఎల్లి డాక్టరుకి సెప్పినాను. లోపల వాసన నరం తెగుంటాది, రావొచ్చు, రాకపోవొచ్చు అన్నాడు. ఆడికీ నాకూ తప్ప ఎవురికీ తెలీదు."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వా పందిరి పీకేద్దువు. నన్నెక్కించినది నువ్వని బతికినన్నాళ్ళూ ఏడుద్దువు. నాకు పోయినది ముక్కే గదా, నీకు తోటంతా పోవాలేటి?" గొంతు తగ్గించాడు. "కంపెనీ వోళ్ళకి తెలిత్తే క్రేను మీంచి దింపీత్తారు. అదొకటి."

"మరి రోజూ సాయంత్రం? మల్లెలు గుప్పుమంటన్నాయే చిలకా అనుకుంటా వచ్చేవోడివి!"

"నీ మొకం సూసి సెప్పీవోడిని. తలుపు తీసి గాలి పీల్చి నవ్వినావంటే మల్లెలిచ్చినట్టు. ముక్కు సిట్లిత్తే కాలవలో మురుగాగినట్టు. పెద్ద కష్టమేటి కాదు."

చిలకమ్మకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మూడేళ్ళ మల్లెలు. మూడు వేసవులు, అతను వచ్చే వేళకి గుమ్మం పక్కన మల్లెల గిన్నె పెట్టింది. తను తలలో పెట్టుకోకపోయినా అతని దిండు పక్కన పెట్టింది. కాగితం పువ్వులు పెట్టినా ఒకటే అయ్యేది. కిందటి ఏడాది తనకి జ్వరమొచ్చి పడుకుంటే, పొయ్యి పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చుని పప్పు మాడబెట్టాడు. పరధ్యానం మనిషివని వారం రోజులు సాధించింది.

"అబద్ధాలకోరువి," అంది. "అంత అబద్ధాలకోరువి ఎలగయ్యావు బావా నువ్వు? నానడిగితే నిజం సెప్పాలని ఎప్పుడూ అనిపించనేదేటి?"

"ఈయేళ అనిపించింది. అందుకే ముక్కెట్టినాను." అతను లేచి పువ్వు దగ్గరికి వెళ్ళాడు, కానీ ముట్టుకోలేదు. "మల్లె తెలీలేదు, జాజి తెలీలేదు. సంపెంగ మహా ఘాటు గదా, ఇదైనా తెలుత్తాదేమో అనుకున్నాను. తెలిత్తే నీకు సెప్పీద్దును, పోయింది, వచ్చీసింది అని. రెండూ ఒకేసారి సెప్తే నీకు బాధుండదు. దేవుడి పువ్వని తెలుసు. తెలిసీ పెట్టినాను. అది నీ మొక్కు అనుకున్నాను గానీ, నా పేనం అనుకోలేదే."

దూరంగా రైలు షంటింగు చేస్తున్న చప్పుడు. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. తోసేసిన గోనె అలాగే పక్కకి వేలాడుతూ ఉంటే, ఎండ పువ్వు మీద పడుతోంది. ఎంత కోపంలో ఉన్నా చిలకమ్మ చూడలేక, పీటెక్కి గోనె సరిచేసింది.

పీట మీంచే అడిగింది. "పంతులమ్మగోరూ. వాసన తెలీనోడు ముక్కెడితే, వాసన సూసినట్టా, సూడనట్టా?"

సూర్యకాంతమ్మగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మా నాన్నగారుంటే ఏదో ఒకటి చెప్పేవారమ్మా," అంది. "నాకు తెలియదు. కళ్ళు లేనివాడు గుడికి వెళ్తే దర్శనం అయినట్టే అంటాం కదా. అలా చూస్తే ముక్కు లేనివాడు... ఏమో. ముక్కు అయితే ఆనించాడు. ఊపిరి తగిలింది. తెలియని దానికి నేను అవుననకూడదు, కాదనకూడదు. పువ్వు కోసుకుని ఇద్దరూ కొండ మీదికి వెళ్ళండి. ఉన్నదున్నట్టు అక్కడి అర్చకులకి చెప్పండి. తప్పని వాళ్ళంటే దానికీ ఒక దారి వాళ్ళే చెబుతారు."

"ఉన్నదున్నట్టా?" అన్నాడు అప్పలసూరి.

"అక్కడ కూడా అబద్ధమాడతావేటి?" అంది చిలకమ్మ. "ఎల్లు. తలమీద నీళ్ళు పోసుకో. వంటకున్న బిందె వాడీసుకో, ఈయేళ వంటొద్దు. కొండ మీద సెప్పీది నువ్వే. నీ నోటితోనే సెప్పాల."

ఆ బిందె కూడా ఖాళీ అయింది. ఆ నీళ్ళు కూడా కాలవ పట్టుకుని మల్లె పాదుల్లోకి పోయాయి. చిలకమ్మ కొంగు మళ్ళీ ముక్కుకి కట్టుకుని, పువ్వు కోసి తమలపాకు మీద పెట్టింది. అప్పలసూరి తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, ఒక చోటికి వెళ్ళవలసిన వాళ్ళలాగే నిలబడ్డారు. ఏడున్నర దాటింది. ఎనిమిదింటికి సింహాచలం బస్సు ఉంది.

వీధిలో సైకిలు బెల్లు ఆగకుండా మోగింది. గేటు ముందు పోలిరాజు దిగాడు. యారాడ వాడు, అప్పలసూరి గ్యాంగులోనే పని. ఓడ పొట్టలో సరుకు నింపే గోతం అంచున నిలబడి, క్రేను డ్రైవరుకి చేతితో సైగలు చేసేది అతనే. రాత్రంతా పని చేసిన మనిషి ఇంకా ఇంటికి పోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

"బావా! పడుకున్నావేమో అనుకున్నాను, బతికిపోనాను. పంచె ఇప్పి లాగు ఏసుకో. ఫోర్మను తీసుకురమ్మన్నాడు."

"డ్యూటీ దిగి గంటన్నర కానేదు పోలిరాజూ. కొండకెల్తన్నాం."

"కొండ రేపుంటాది. ఓడ మద్దేన్నం పోటుకి ఎల్లిపోవాల, సరుకు సగం లోపలే ఉన్నాది. ఆ నూకాలు గాడు పొద్దుట క్రేనెక్కినాడు, పది నిమిషాల్లో దిగిపోనాడు. కేబినులో వైరు కాల్తన్న వాసనొత్తంది, నాను నడపను అన్నాడు. ఫోర్మను ఆణ్ణి పట్టుకుని కడిగీసినాడు." పోలిరాజు ఫోర్మను గొంతు అనుకరించాడు. "రాత్రంతా అప్పలసూరి అదే క్రేను నడిపినాడ్రా! ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆడి ముక్కుకి రాని వాసన నిన్నగాక మొన్నొచ్చిన నీ ముక్కుకొచ్చిందేటి? పని తప్పించుకోడానికి వాసనొకటా! పోలిరాజూ, నువ్వెల్లి అప్పలసూరిని తీసుకురా, ఆడే ఎక్కుతాడు అన్నాడు. డబుల్ డ్యూటీ రాత్తాడట."

అప్పలసూరి పంచె కుచ్చెళ్ళు సర్దుకున్నాడు.

"నీకేటీ రానేదు గదా బావా రాత్రి?" పోలిరాజు ఊరికే అడిగాడు. జవాబు తనకి తెలుసన్నట్టు అప్పటికే సైకిలు వెనక్కి తిప్పుతున్నాడు. "కింద గోతంలో మావోళ్ళు ఇరవైమంది ఉంటారు, అందుకడుగుతన్నాను. నువ్వు రానేదంటే సాలు, ఆళ్ళు దిగిపోతారు."

చిలకమ్మ మొగుడి వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు.

"రానేదు," అన్నాడు.

"అదే నానూ అన్నాను ఆ నూకాలుగాడితో! నడు, నడు."

అప్పలసూరి వరండాలోకి వెళ్ళి ఖాకీ చొక్కా అందుకున్నాడు. చిలకమ్మ అతని వెనకే వెళ్ళింది. గొంతు పైకి రాకుండా అడిగింది. "రాత్రి ఏటైనా కాలితే నీకెలగ తెలుత్తాది?"

"పొగొత్తాది గదా. కంటికి కనబడతాది."

"పొగొచ్చీదాకా ఆగుతాదేటి?"

"ఏటి సెయ్యమంటావు మరి? ఆడికి నిజం సెప్పమంటావా? ఈయేళ సెప్తే రేపు నాకు క్రేనుండదు. మూడేళ్ళయి ఏటీ కానేదు. నువ్వు పళ్ళెం లోపలెట్టు. సాయంత్రం బస్సుకెల్దాం."

అతను ఒక చెయ్యి చొక్కాలో దూర్చాడు. చిలకమ్మ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. ఏడేళ్ళు ఆమె ఒక రహస్యం దాచింది, మూడేళ్ళు అతనొకటి దాచాడు. రెండూ ఈ పొద్దున్నే బయటపడ్డాయి. తనది బయటపడినందువల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అతనిది దాచినందువల్లే ఇప్పుడు ఇరవైమంది ఓడ గోతంలోకి దిగబోతున్నారు. చెప్తే అతని అన్నం పోతుంది. చెప్పకపోతే పోయేది ఏమిటో ఆమెకి తెలియదు. పెద్దాసుపత్రి వరండా గుర్తొచ్చింది. ఆనాడు కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ఇవాళ కొండ వైపు తిరగలేదు. పళ్ళెం గట్టు మీద పెట్టి, మెట్లు దిగి, గేటు దాకా నడిచింది.

"చిలకా!" వెనకనుంచి అప్పలసూరి పిలిచాడు. రెండో చెయ్యి ఇంకా చొక్కాలో పెట్టలేదు. "చిలకా, వద్దే."

పోలిరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏటి సెల్లెమ్మా? ఏటయింది?"

చిలకమ్మ గేటు గడియ వేసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది.

"పోలిరాజన్నా," అంది. "మా బావ ముక్కుని నమ్మి ఆ క్రేను కింద ఎవర్నీ నిలబెట్టకు."